కొట్లాటకు ఒక చోటు కావాలి

(బి. నాగిరెడ్డి గారిని తలచుకుంటూ చెన్నూరులో చేసిన స్మారకోపన్యాసం పాఠం)

వెనక గోడకు ఆనుకుని నిలబడిన పిల్లోళ్ళూ, ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండప్పా. ఈ రోజు చెప్పబోయేది నాకంటే మీకే బాగా తెలిసిన సంగతి.

నాగిరెడ్డి గారి పేరు మీద మాట్లాడమంటే ‘మిస్సమ్మ’ గురించో, ‘గుండమ్మ కథ’ గురించో, ‘చందమామ’ గురించో చెబుతానని నిర్వాహకులు అనుకున్నారు. భారీ బడ్జెట్ ఫైట్ల సినిమాల గురించి చెబుతానన్నాను. ఫోన్లో కాసేపు అలికిడి లేదు. తర్వాత ‘సరే సార్, మీ ఇష్టం’ అన్నారు. ఆ మాటలో ఇష్టం ఎంతుందో నాకు తెలియక కాదు. అందుకని ముందే సంజాయిషీ చెప్పుకుంటాను.

నేను సినిమా తీసినవాణ్ణి కాదు, సినిమాకు రాసినవాణ్ణీ కాదు. టికెట్టు కొన్నవాణ్ణి. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ వరుసగా అన్నిట్లో కూర్చున్నవాణ్ణి. కడపకు పోయి చూశాను, ప్రొద్దుటూరుకు పోయి చూశాను, ఇంటర్వెల్లో బొరుగులు నములుతా పక్కవాడితో హీరో గురించి పోట్లాడాను. డబ్బిచ్చి కొన్నవాడికి సరుకు గురించి మాట్లాడే హక్కుంటుంది. ఈ మాటను నాగిరెడ్డి గారు కాదనరు, ఆయన వచ్చింది వ్యాపారం ఇంటి నుంచి. 1912 డిసెంబరు 2న మన జిల్లాలోనే పుట్టారు. అన్న బి.ఎన్.రెడ్డి గారిది 1908, పులివెందుల తాలూకా. ఎర్రగడ్డలు మద్రాసు నుంచి ఓడకెక్కించి బర్మాకు పంపిన ఇల్లు అది. ఆ ఇంట్లో అన్నకు 1974 సంవత్సరానికి, తమ్ముడికి 1986 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది. ఒక ఇంట్లో రెండు ఫాల్కేలు. మన జిల్లా పేరు చెబితే బాంబులు గుర్తొచ్చేవాళ్ళకు ఈ సంగతి కూడా ఒకసారి చెప్పండి.

చక్రపాణి గారితో కలిసి విజయా సంస్థ పెట్టి నాగిరెడ్డి గారు మొదట తీసింది ‘షావుకారు’, 1950లో. మంచి సినిమా. ఆశించినంత డబ్బు రాలేదు. మరుసటేడు మార్చి 15న ‘పాతాళ భైరవి’ వచ్చింది. మాంత్రికుడు, గుహ, కత్తియుద్ధం, పెద్ద పెద్ద సెట్లు. 1952లో మన దేశంలో మొట్టమొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరిగితే దక్షిణాది నుంచి అక్కడ ఆడింది ఆ ఒక్క సినిమానే. ఈ రోజు పాన్ ఇండియా అని పోస్టరు మీద అచ్చు వేసుకుంటున్న వ్యవహారానికి మూలపురుషులు ఎక్కడివాళ్ళో తెలియాలని ఇదంతా చెబుతున్నాను. కాబట్టి ‘బాహుబలి’ గురించి నాగిరెడ్డి గారి సభలో మాట్లాడడం అపచారమేమీ కాదు. ఆ కాలానికి ఆయనే భారీ బడ్జెట్.

ఇంక అసలు సంగతికి వస్తాను.

‘మాయాబజార్’ 1957 మార్చి 27న విడుదలైంది. దర్శకుడు కె.వి.రెడ్డి గారు తాడిపత్రిలో పుట్టినవారు. పెన్న తాడిపత్రి దాటి, గండికోట లోయలో దూరి, జమ్మలమడుగును, ప్రొద్దుటూరును పలకరించి మన చెన్నూరు వంతెన కిందికి వస్తుంది, వచ్చిన ఏడు. ఆ లెక్కన ఆయన మనకు ఎగువ ఊరాయన. ఆ సినిమాలో ద్వారక కనబడుతుంది చూడండి, అది విజయా వాహినీ స్టూడియోలో 50 అడుగులకు 60 అడుగుల చోటులో కళా దర్శకులు గోఖలే, కళాధర్ గార్లు నిలబెట్టిన బొమ్మ ఊరు. సుమారు 300 బొమ్మ ఇళ్ళు. ఆ ఇళ్ళకు తగ్గ దీపాలు. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ గారు ఆ దీపాల మీద వెలుతురు ఎంత పడాలో అంతే పడనిచ్చారు. ఈ రోజుకీ ఆ షాటు చూస్తే అది ఊరే. ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు వాటంతట అవి వచ్చి పడే షాటు తెర మీద కొన్ని సెకన్లే; తీయడానికి నాలుగు రోజులు పట్టిందని చెబుతారు. ఖర్చు చూసి ఇంక ఆపేద్దామా అని నిర్మాతలే అనుకున్న ఘట్టం కూడా ఆ సినిమా చరిత్రలో ఉంది. ఆపలేదు, మన అదృష్టం.

అదే కె.వి.రెడ్డి గారు స్టాప్‌వాచీ పట్టుకుని సీను చదివించుకుని, అది తెర మీద ఎంతసేపు వస్తుందో షూటింగుకు ముందే లెక్క వేసుకునే మనిషి. ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలిసినవాడు కాబట్టే ఎక్కడ పెట్టకూడదో కూడా తెలుసు. పాండవుల కథలో పాండవులే కనబడకుండా సినిమా నడిపించాడంటే ఎంత ధైర్యం ఉండాలి!

డబ్బుతో ఆయన కొన్నవి వ్యవధి, చోటు. ఈ పూట నేను చెప్పదలచుకున్నది కూడా ఇదే. ఫైటు నిలబడాలంటే అది జరిగే చోటు చూసేవాడి కంటికి తెలియాలి. ఎవడు ఎక్కడున్నాడు, తలుపు ఎటుంది, ఎంత దూరం, ఎంత లోతు, పడితే ఎక్కడ పడతాడు. ఇవి తెలిస్తే భయం పుడుతుంది. తెలియకపోతే చప్పుడే మిగులుతుంది. కోట్లు కుమ్మరించి ఆ చోటును కట్టే సినిమాలు కొన్ని ఉన్నాయి, కోట్లు కుమ్మరించి ఆ చోటును చెరిపేసే సినిమాలు ఇంకా ఎక్కువున్నాయి.

పౌరాణికాల్లో బాణాల యుద్ధం చూసి పిల్లోళ్ళు నవ్వుతారు. ఎడమ పక్క నుంచి నిప్పులు కక్కుతా ఒక బాణం, కుడి పక్క నుంచి నీళ్ళు చిమ్ముతా ఇంకో బాణం. నడిమధ్య ఢీకొంటాయి. నవ్వండి, నేనూ నవ్వుతాను. కానీ ఏ బాణం ఎవరిదో ఐదేళ్ళ పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. తోలుబొమ్మలాటలో కూడా అంతే, రాముడి పక్క రాముడిది, రావణుడి పక్క రావణుడిది. తెర మీద పక్కలు మారవు. కెమెరావాళ్ళు ఇద్దరి మధ్య ఒక గీత ఉందనుకుంటారు. కెమెరా ఆ గీతకు ఒక పక్కనే ఉండాలి. దాటితే ఎడమవాడు కుడివాడైపోతాడు, చూసేవాడికి దిక్కు తప్పుతుంది. కావాలని దాటించే మొనగాళ్ళు ఉన్నారు, వాళ్ళ సంగతి వేరు. ఇప్పుడొచ్చే చాలా ఫైట్లలో ఆ గీతను గీసుకున్నవాళ్ళే లేరు.

డబ్బు లేకుండా కూడా ఈ పని జరిగిందనడానికి విఠలాచార్య గారు సాక్ష్యం. కాల్‌షీటుకు రాని నటుణ్ణి మాంత్రికుడి శాపంతో చిలకగానో గొర్రెగానో మార్చేసి షూటింగు కానిచ్చేవాడని చెప్పుకుంటారు. అంత పొదుపు మనిషి సినిమాలో కూడా కాంతారావు గారు కత్తి తిప్పుతుంటే మెట్లు ఎన్నున్నాయో, మంట ఏ మూలనుందో మనకు తెలిసేది. 1971లో కృష్ణ గారి ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చింది. తెలుగువాడు కౌబాయ్ టోపీ పెట్టుకుని రాజస్థాన్ ఇసుకలో గుర్రమెక్కితే జనం ఎట్లా ఒప్పుకున్నారు? ఆ ఇసుకలో దూరం కనబడింది కాబట్టి. అవతలి గుర్రం చుక్కలాగా మొదలై మనిషంత కావడానికి పట్టే వ్యవధే అక్కడ సస్పెన్సు.

రాజమౌళి గారి గురించి ఇంత ఆలస్యంగా ఎత్తుకున్నానని కోపం వద్దు. ఆయనకు సమయం ఎక్కువ కావాలని ఆపాను.

2015 జూలై 10న వచ్చిన మొదటి ‘బాహుబలి’లో కాలకేయులతో యుద్ధం గుర్తు చేసుకోండి. యుద్ధానికి ముందు త్రిశూల వ్యూహమని చెప్పి, ఎవరు ఏ కొస పట్టుకోవాలో విప్పి చూపిస్తారు. ఆ కాసేపూ హాల్లో ఎవరూ ఈల వేయరు, బుద్ధిగా వింటారు. అక్కడ పాఠం చెప్పారు కాబట్టి తర్వాత అరగంట దుమ్ములో, రక్తంలో, ఏనుగుల మధ్య మనం తప్పిపోం. జపాన్ దర్శకుడు కురోసావా ‘సెవెన్ సమురాయ్’లో 1954లోనే ఈ పని చేశాడు. అందులో ముసలి సమురాయ్ కాగితం మీద ఊరి పటం గీస్తాడు, దొంగలకు సున్నాలు పెడతాడు, ఒక్కొక్కడు చచ్చేకొద్దీ సున్నా కొట్టేస్తాడు. మిగిలిన సున్నాలు చూస్తే చాలు, గుండె దడ.

ఆ కాలకేయ యుద్ధంలో నాకు ఏనుగుల కన్నా, మంటల కన్నా నచ్చింది ఇంకొకటి. శత్రువు మాహిష్మతి ప్రజలనే ముందు వరుసలో అడ్డం నిలబెడతాడు. అన్నదమ్ములిద్దరి ముందూ అదే అడ్డు, అదే నేల. భల్లాలుడు రథం ఆపడు, చక్రాల కత్తులతో సొంత జనం మీదుగానే పోతాడు. బాహుబలి తాళ్ళు విసిరించి వాళ్ళను నేల మీద పడగొట్టి, వాళ్ళ మీదుగా ఆయుధం పోయేట్టు చేస్తాడు. ఎవరు రాజు కావాలో శివగామి తర్వాత చెబుతుంది గానీ, మనకు అక్కడే తెలిసిపోయింది. సాబు సిరిల్ గారు కట్టిన సెట్టు కన్నా, సెంథిల్ కుమార్ గారి కెమెరా కన్నా ముందు అక్కడ పని చేసింది విజయేంద్ర ప్రసాద్ గారి కలం. ఫైటు మధ్యలో కథ నడిచింది. చాలా సినిమాల్లో ఫైటు వస్తే కథ బయటికి పోయి టీ తాగి వస్తుంది.

2022 మార్చి 25న ‘ఆర్ఆర్ఆర్’. వంతెన సీను. రైలు మండుతుంది, కింద నీళ్ళలో పిల్లవాడు చిక్కుకుంటాడు. పైన రామ్, కింద భీమ్, ఒకరికొకరు పరిచయం లేదు. ఆ దూరం నుంచే చేతులతో సైగ చేసుకుంటారు, ఒక్క మాట లేదు. ఒకడు గుర్రం మీద, ఇంకొకడు మోటారు సైకిలు మీద, ఒకే తాడు రెండు కొసలు నడుముకు కట్టుకుని వంతెనకు ఇటొకడు అటొకడు దూకుతారు. భౌతికశాస్త్రం మాస్టారెవరైనా ఇక్కడుంటే కాసేపు చెవులు మూసుకోండి. అది జరిగే పని కాదు. అయినా నమ్ముతాం. ఎందుకు? వంతెన ఎంత ఎత్తో, తాడు ఎంతుందో, మంట ఎక్కడికి వచ్చిందో, పిల్లవాడు ఎక్కడున్నాడో ముందే కంటికి చెప్పేశారు. అబద్ధం ఒకటే, దాని చుట్టూ ఉన్న కొలతలన్నీ నిజం. వంతెన కింద ఆ రెండు చేతులు కలిసినప్పుడు టైటిల్ పడుతుంది. ఇద్దరి స్నేహం చెప్పడానికి ఇంకో దర్శకుడికి పాట కావాల్సి వచ్చేది.

స్లో మోషన్ గురించి కూడా ఒక మాట. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు ఆడతాయి. సెకనుకు 96 ఫ్రేములు తీసి అదే వేగంతో ఆడిస్తే ఒక సెకను నాలుగు సెకన్లవుతుంది. అంటే దర్శకుడు మన వ్యవధిని సాగదీస్తున్నాడు. సాగదీసిన చోట చూడడానికి ఏదన్నా ఉండాలి గదా: ఒక నిర్ణయమో, ఒక చూపో, చెయ్యి దాటిపోతున్న వస్తువో. హీరో నడిచి రావడానికి, వెనకాల కారు పేలడానికి, కండువా ఎగరడానికి, మళ్ళీ నడిచి రావడానికి ఎంత వ్యవధి పోతుందో కె.వి.రెడ్డి గారి స్టాప్‌వాచీ ఇచ్చి ఎవరన్నా లెక్క తీస్తే బాగుండును. ఎలివేషన్ అంటున్నారు దీన్ని. ఎత్తుకు తీసుకుపోవడమే అయితే కింద నేల కూడా కనబడాలి.

2019 ఆగస్టు 30న ‘సాహో’ వచ్చింది. హాలీవుడ్ నుంచి కెన్నీ బేట్స్‌ను పిలిపించి అబూ ధాబీలో వాహనాల ఛేజు తీయించారు. లారీలు ఎగిరాయి, కార్లు బోర్లాపడ్డాయి, అన్నీ నిజమైన లారీలు, నిజమైన కార్లు. ఆ ఛేజులో ఎవరు ఎటు నుంచి ఎటు పోతున్నారో, ఎక్కడికి చేరితే గెలిచినట్టో బయటికొచ్చాక అడిగితే నేను చెప్పలేను, పక్కవాడూ చెప్పలేడు. డబ్బు కనబడింది, దారి కనబడలేదు. 2023 జూన్ 16న ‘ఆదిపురుష్’. అందులో సముద్రం, ఆకాశం, కోట, సైన్యం ఒకదాని రంగు ఒకదానికి పూసినట్టున్నాయి. రామాయణంలో లంకకు ఇవతలి ఒడ్డు, అవతలి ఒడ్డు ఉండడమే గదా కథ! ఆ మధ్యలోని దూరమే తెర మీద లేకపోతే వారధి ఎందుకు? గ్రీన్ మ్యాట్ తప్పేమీ లేదు. శ్రీనివాస్ మోహన్ గారు ‘ఆర్ఆర్ఆర్’లో జంతువుల్ని గ్రాఫిక్స్‌తోనే పరుగెత్తించారు, ఆ తోట ఎంతుందో మనకు తెలుసు కాబట్టి అవి మీదికి వచ్చాయి. ‘కల్కి’ సినిమాకు బుజ్జి అనే బండిని కోయంబత్తూరులో ఆరు టన్నుల బరువుతో నిజంగానే తయారు చేయించారు. ఆ బండి మలుపు తిరిగినప్పుడు బరువు తెలుస్తుంది. అదే సినిమాలో గాలిలో ఎగిరే వాహనాలకు అంత బరువు లేదు, వాటి మీద మనకు బెంగా లేదు.

ఆస్ట్రేలియా వాళ్ళ ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’ 2015లో వచ్చింది. రెప్ప వేస్తే ఒక షాటు పోతుంది, అంత వేగం. అయినా ఎక్కడా కన్ను వెతుక్కోదు. చూడాల్సిన వస్తువును ప్రతి షాటులో తెర నడిమధ్యే ఉంచారు. ఎడిటర్ మార్గరెట్ సిక్సెల్‌కు ఆస్కార్ ఇచ్చారు, ఇవ్వక చస్తారా. పైగా ఆ కథ ఎంత? ఒక దారిలో పోవడం, అదే దారిలో వెనక్కి రావడం.

ఇప్పుడు మన ఇంటి సంగతి.

1999 సంక్రాంతికి ‘సమరసింహారెడ్డి’ వచ్చింది. 2001 సంక్రాంతికి ‘నరసింహ నాయుడు’. 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’, ‘చెన్నకేశవరెడ్డి’. ఆ నాలుగైదేళ్ళు తెలుగు సినిమాకు సీమ తప్ప ఊరు లేదు. 1994లో వచ్చిన టాటా సుమోకు ఆ పేరు సుమంత్ మూల్గావ్‌కర్ అనే పెద్దమనిషి పేరులోని అక్షరాలతో పెట్టారు. పాపం, ఆయన అక్షరాలతో ఇన్ని తలకాయలు తెగుతాయని ఎవరనుకున్నారు! మన ఊళ్ళల్లో సుమో పెళ్ళివాళ్ళను తోలింది, పురుడు పోసుకునే ఆడకూతుర్ని అర్ధరాత్రి కడప ఆసుపత్రికి చేర్చింది. తెర మీద మాత్రం పదీ ఇరవై బండ్లు దుమ్ము లేపుకుంటా వచ్చి ఆగాల్సిందే, తెల్లచొక్కాలు దిగాల్సిందే. 2003లో ‘పలనాటి బ్రహ్మనాయుడు’లో హీరో తొడ కొడితే రైలు వెనక్కి పోయింది. అది పలనాడు కాబట్టి మనకు సంబంధం లేదు, నవ్వుకోవచ్చు.

మన దగ్గర కక్షలు లేవని నేను అబద్ధం చెప్పను. జమ్మలమడుగు పక్క, పులివెందుల పక్క ఏం జరిగిందో ఈ సభలో పెద్దవాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు. ఆ సినిమాల మీద నా ఫిర్యాదు పరువు గురించి కాదు, పనితనం గురించి. వాటిలో ఊరు లేదు. కక్షలున్న ఊళ్ళో భయమంతా దారుల్లో ఉంటుంది. ఫలానా వీధి గుండా పోకూడదు. ఫలానా అరుగు మీద ఎవరు కూర్చున్నారో చూసుకుని మలుపు తిరగాలి. బస్సు మన ఊరి స్టేజీలో దిగకుండా ముందు స్టేజీలో దిగి పొలాలకు అడ్డంపడి రావాలి. హోటల్లో తలుపు వైపు మొహం పెట్టి కూర్చోవాలి. పొద్దు గూకితే ఆడవాళ్ళు గడియ పెట్టి, చప్పుడు వినిపిస్తే లెక్క పెట్టుకుంటారు, ఇంట్లో ఎంతమంది ఉన్నారు, బయట ఎవరున్నారు అని. ఇదంతా తెర మీదికి రావాలంటే ఊరి పటం గీసుకోవాలి. ఆ సినిమాలు గీసుకోలేదు. ఎర్రనేల ఒకటి, రాళ్ళగుట్ట ఒకటి, పెద్ద మేడ ఒకటి. మేడకు, గుట్టకు మధ్య ఎంత దూరమో ఎవరికీ తెలియదు. అందుకే అన్ని తలలు తెగినా ఒక్కసారి కూడా భయం వేయలేదు. జనం ఈలలు వేశారు, నేనూ వేశాను. ఈల వేరు, భయం వేరు.

‘అరవింద సమేత వీర రాఘవ’ 2018 అక్టోబరు 11న వచ్చింది. మిగతావాళ్ళు క్లైమాక్సులో పెట్టే నరుకుడు త్రివిక్రమ్ గారు మొదట్లోనే పెట్టారు. దారి, కార్లు, పారిపోయే చోటు లేకపోవడం, తండ్రి పడిపోవడం. రామ్-లక్ష్మణ్ మాస్టర్ల ఫైటులో బరువుంది. తర్వాత సినిమా ఆ ఇంట్లోకి వస్తుంది, జేజి దగ్గరికి వస్తుంది. నరికి వచ్చిన మనిషిని చూసి ముసలామె మాట్లాడే మాటకు జాగా ఇచ్చిన ఫైటు నేను అంతకు ముందు చూడలేదు. మన చిట్వేలి పక్క నుంచి పెంచల్ దాస్ పోయి యాస నేర్పించాడు, అది కూడా వినబడింది. రెండో సగంలో మళ్ళీ మామూలు దారి పట్టింది, అది వేరే గొడవ.

‘పుష్ప’ గురించి చెప్పకుండా పోతే మీరు ఊరుకోరు. ఎర్రచందనం మన కొండల చెట్టు. లంకమల, పాలకొండలు, శేషాచలం, ఈ పక్క కొండలకు బయట ఆ చెట్టు తనంతట తాను పెరగదనే చెప్పాలి. బండ, ముళ్ళు, ఎండకు రాలిపోయే ఆకు. సినిమాలో చూసింది మారేడుమిల్లి పచ్చదనం, గోదావరి పక్క అడవి. మొదటిసారి చూసినప్పుడు నా కంటికి అది అడ్డుపడింది. కానీ సుకుమార్ గారు అడవి మార్చినా పనిని మార్చలేదు. దుంగ ఎక్కడ కొడతారు, ఎక్కడ దాస్తారు, ఎక్కడ తనిఖీ ఉంటుంది, పాల ట్యాంకర్లో కింద అర ఎట్లా చేస్తారు, ఇదంతా చూపించాడు. దారి తెలిసింది కాబట్టి పోలీసు జీపు ఎదురైతే భయం వేసింది. రెండో భాగంలో గంగమ్మ జాతర సీను పెద్దది, అల్లు అర్జున్ గారు ఒంటిని దాచుకోకుండా చేశాడు. దుంగలు మాత్రం ఎటు పోతున్నాయో అందులో నాకు పట్టు దొరకలేదు. మనిషి పెరిగాడు, దారి తరిగింది.

ప్రభుత్వం కూడా సినిమా ఖర్చు విషయంలో ఒకసారి విమర్శకుడిగా మారింది. 2021 ఏప్రిల్లో జీవో 35 ఇచ్చి గ్రామాల్లో అడుగు టికెట్టు 5 రూపాయలన్నారు. ఐదు రూపాయలకు సోడా కూడా రాదని హాళ్ళవాళ్ళు మొత్తుకున్నారు. 2022 మార్చి 7న జీవో 13తో రేట్లు మార్చారు. హీరో, హీరోయిన్, దర్శకుల పారితోషికాలు తీసేశాక ఖర్చు 100 కోట్లు దాటిన సినిమాకైతే పది రోజులు రేటు పెంచుకోవచ్చన్నారు. షూటింగులో 20 శాతం మన రాష్ట్రంలో జరగాలన్నారు. పారితోషికాలు తీసేశాక అన్న ముక్క రాసిన గుమాస్తా ఎవరో గానీ, ఆయన్ను ఏదన్నా పత్రికలో సినిమా సమీక్షకుడిగా వేయాలి. తెర మీద కనబడేది ఆ మిగిలిన డబ్బే గదా.

ఆ మిగిలిన డబ్బులో ఎముకలు విరగ్గొట్టుకునేవాళ్ళ వాటా ఎంతో అడగడం కూడా మన పనే. డూప్ పేరు టైటిల్స్‌లో కనబడదు. జాతీయ అవార్డుల్లో ఫైట్ మాస్టర్లకంటూ ఒక అవార్డు 2016 సినిమాల నుంచి వచ్చింది. మొదటిది మలయాళం ‘పులిమురుగన్’కు పీటర్ హెయిన్ అందుకున్నాడు, మన ‘మగధీర’లో నూరుమందితో పోరాటం చేయించిన మాస్టరే. ‘ఆర్ఆర్ఆర్’కు కింగ్ సాలమన్‌కు వచ్చింది. ఆస్కార్ వాళ్ళు ఇంకా ఆలస్యం. 2027 సినిమాల నుంచి స్టంట్లకు అవార్డు ఇస్తామని 2025 ఏప్రిల్లో ప్రకటించారు. ఆ ప్రకటనకు పెట్టిన బొమ్మల్లో మన ‘ఆర్ఆర్ఆర్’ ఉంది. సంతోషమే. 2020 ఫిబ్రవరి 19 రాత్రి చెన్నై శివార్లలో ‘ఇండియన్ 2’ సెట్టులో క్రేను కూలి ముగ్గురు చనిపోయారని కూడా ఆ సంతోషం పక్కనే గుర్తు పెట్టుకుందాం.

ఆ ‘ఇండియన్ 2’ షూటింగే తర్వాత మన గండికోటకు వచ్చింది, 2023లో. కమల్ హాసన్ గారు హెలికాప్టర్లో దిగాడని జనం జమ్మలమడుగు నుంచి ఉరుకులు పెట్టారు. నేను సినిమా వచ్చాక పోయి చూశాను. గండికోట ఒక పెద్ద వాల్‌పేపరుగా ఉంది.

గండికోట మీద నిలబడినవాళ్ళకు తెలుసు. ఇవతల ఎర్రబండ, అవతల ఎర్రబండ, మధ్యలో ఎక్కడో కింద పెన్న. అవతలి మనిషి కనబడతాడు. గట్టిగా కేక వేస్తే వినబడుతుంది కూడా. చెయ్యి అందదు. చుట్టి పోవాలంటే సగం పూట పోతుంది. పగవాళ్ళిద్దర్ని ఈ ఒడ్డున ఒకణ్ణి, ఆ ఒడ్డున ఒకణ్ణి పెట్టండి. ఇటువాడి చేతిలో అటువాడి బిడ్డ ఉందనుకోండి. తూటా పోతుంది, మనిషి పోలేడు. కోట ధాన్యాగారం వెనక దాక్కోవచ్చు, మసీదు గోడ వెంట రావచ్చు, మాధవరాయ గుడి గోపురం మీదికి పాకితే లోయంతా కనబడుతుంది. ఒక రాత్రి, ఒక లోయ, ఇద్దరు మనుషులు. చోటు అక్కడ సిద్ధంగా ఉంది, ద్వారకలాగా కట్టుకోవాల్సిన పని లేదు. ఐదు వందల కోట్లు అక్కర్లేదు. ఒక పటం గీసుకునేవాడు, ఒక స్టాప్‌వాచీ ఉంటే చాలు. ఈ హాల్లో వెనక గోడకు ఆనుకున్నవాళ్ళలో అలాంటి పిల్లోడు ఎవడన్నా ఉంటే కథ నాది, డబ్బులడగను.

ఇంక ప్రశ్నలు అడగండి. ‘సలార్’ పేరు ఎత్తలేదని రెండో వరుసలో ఒకాయన అప్పటినుంచి నన్నే చూస్తున్నారు. ముందు ఆయనకే మైకివ్వండి.